పీజీ అయ్యాక గ్రూప్స్‌కు కూర్చోవాలా, ఊళ్ళ పనిలో దిగాలా?

కేయూ క్రాస్‌రోడ్స్:
పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, సోషల్ వర్క్, రాజనీతిశాస్త్రం పీజీ చేసినవాళ్ళలో ఎక్కువమంది హన్మకొండలో రూము తీసుకుని గ్రూప్స్‌కు చదువుతారు. అది తప్పని అనను. కానీ తొలి రెండు మూడేళ్ళు పంచాయతీతోనో, స్వచ్ఛంద సంస్థతోనో, సహకార సంఘంతోనో పనిచేస్తూ పరీక్షకు పక్కపక్కనే చదువుకోవాలన్నది నా వాదన.

కారణం పరీక్షల తేదీలే. 2022 ఏప్రిల్‌లో తెలంగాణలో గ్రూప్-1 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ ఒకసారి పేపర్ లీకుతో రద్దయింది, రెండోసారి హైకోర్టు తీర్పుతో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. 2022లో పుస్తకం తెరిచిన మనిషి రెండేళ్ళకు మళ్ళీ మొదటి మెట్టు మీదే ఉన్నాడు, అందులో అతని తప్పేమీ లేదు. ఆ రెండేళ్ళకు చూపడానికి చేతిలో కాగితం కూడా లేదు. ఒప్పుకోనివాళ్ళు లెక్కలతో చెప్పండి.

గ్రేడ్ ఫోర్:
ఒప్పుకోను. సంస్థలో మూడేళ్ళు చేస్తే వచ్చేది అనుభవం సర్టిఫికెట్. గ్రూప్స్‌లో దానికి ఒక్క మార్కు రాదు. సర్కారు కొలువులో కష్టం ఉన్నా చివరికి కాలు నిలుస్తుంది. జూనియర్ పంచాయతీ కార్యదర్శులనే చూడండి. 2018లో 9,355 పోస్టులు వేశారు. 2019 ఏప్రిల్‌లో చేరినప్పుడు నెలకు 15,000. 2021లో 28,719 అయింది. మూడేళ్ళన్న ప్రొబేషన్‌ను నాలుగేళ్ళు చేశారు. 2023లో సమ్మె చేశాక రెగ్యులర్ చేశారు. నాలుగేళ్ళు నలిగారు, నిజమే. అదే నాలుగేళ్ళు ప్రాజెక్టు ఉద్యోగంలో నలిగినవాళ్ళకు చివర ఏముంది?

ఇంకో మాట, చదివేవాళ్ళు చాలామంది పట్టించుకోనిది. స్థానికత ఒకటి నుంచి ఏడు తరగతులు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది. వరంగల్, హన్మకొండ, మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌లో ఉన్నాయి. పక్కనే ఉన్న ములుగు, భూపాలపల్లి కాళేశ్వరం జోన్. ములుగులో చదివి వరంగల్‌లో స్థిరపడ్డవాళ్ళు ఖాళీల పట్టిక చూసేముందు బడి ఇచ్చిన బోనఫైడ్లు (చదువు ధ్రువపత్రాలు) చూసుకోండి. జోనల్ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే.

పద్దు పుస్తకం:
ఇద్దరూ ఉద్యోగాల పేర్లు చెప్పారు గానీ పని చెప్పలేదు. ఈ రంగంలో ఎక్కడికి పోయినా పనికొచ్చేది ఒక్కటే, ఊరి డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో చదవగలగడం.

కేంద్రం పంచాయతీలకు ఇచ్చే నిధులకు 15వ ఆర్థిక సంఘం 2021-26కు పెట్టిన లెక్క తీసుకుందాం. ఒక ఊరికి ఏడాదికి 10 లక్షలు వచ్చాయనుకోండి. అందులో 6 లక్షలకు ముందే ముడి పడి ఉంటుంది: 3 లక్షలు పారిశుద్ధ్యానికి, 3 లక్షలు తాగునీటికి. మిగతా 4 లక్షలు ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ తప్ప. కాబట్టి చెత్త ట్రాక్టర్ నడిపే మల్టీపర్పస్ కార్మికుడి జీతం, 2023లో 9,500 చేసింది, ఆ 4 లక్షల్లోంచి తీయడానికి వీల్లేదు. ఇంటిపన్ను నుంచో రాష్ట్రం ఇచ్చే నిధుల నుంచో రావాలి. మార్చి నెలాఖరుకు ఇంటిపన్ను సగం దగ్గర ఆగిందంటే ఆ తర్వాత ముందుగా ఆగేది ఆయన జీతమే.

ఇప్పుడు ఒక వాడలో సైడు కాలువ కట్టాలి. గ్రామసభ తీర్మానం, వార్షిక ప్రణాళికలో పని పేరు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఎస్టిమేటు, సాంకేతిక మంజూరు, పని, ఎంబీ అనే కొలతల పుస్తకంలో నమోదు, బిల్లు, ఓచర్. చెడేది ఎక్కువగా రెండో మెట్టు దగ్గరే. పంచాయతీల ప్రణాళికలు, చెల్లింపులు నమోదయ్యే ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో పని ప్రణాళికకు ఎక్కకపోతే ఓచర్ పుట్టదు. కాలువ పూర్తయి, మేస్త్రీ ఇంటి చుట్టూ తిరుగుతుంటాడు, కంప్యూటర్లో ఆ పనే ఉండదు. ఇంకో తప్పు, కాలువను రోడ్డు పనితో కలిపి ఒకే ఎస్టిమేటు రాయడం. మురుగునీటి పనిగా విడిగా రాస్తే ముడి ఉన్న డబ్బులోంచి పోయేది. కలిపి రాస్తే ముడి లేని 4 లక్షలు కరిగిపోతాయి, పారిశుద్ధ్యం డబ్బు ఖాతాలో అట్లాగే ఉంటుంది. కాలువ అడుగున వేసే కాంక్రీటు మందం పోసిన రోజే టేపు పెట్టి కొలవాలి. గోడలు లేచాక ఎంబీలో 10 సెంటీమీటర్లని రాస్తే, తవ్వితే తప్ప తేలదు.

2018 పంచాయతీరాజ్ చట్టంతో చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకాలు వచ్చాయి. ఇద్దరూ చెరో వర్గమైతే బిల్లు నెలల తరబడి కదలదు. వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, ఎవరి అనుమానం ఏమిటో విని, ఎంబీ చూపించి ఒప్పించడం నేర్చుకోవాల్సిన పని. ఇది గదిలో కూర్చుంటే రాదు. అందుకే నేను కేయూ క్రాస్‌రోడ్స్ వైపు.

హంటర్ రోడ్ అకౌంట్స్:
సంస్థల గురించి గ్రేడ్ ఫోర్ అన్న చెప్పింది సగం నిజం. ఉద్యోగం ఎందుకు నిలవదో తెలిస్తే ఏ సంస్థలో చేరాలో తెలుస్తుంది.

2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం సవరించారు. పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. విదేశీ డబ్బు 50 లక్షలు వస్తే పరిపాలనకు 10 లక్షలు దాటొద్దు. నిర్వాహకుల జీతాలు, అకౌంటెంటు, ఆఫీసు కిరాయి, కరెంటు, బండి, లాయరు ఫీజు, చివరికి నివేదికలు రాసి పంపే ఖర్చు కూడా అందులోనే. ఊళ్ళో పాఠం చెప్పే టీచరు జీతం, సమాచారం సేకరించే మనిషి జీతం ఆ లెక్కలోకి రావు. అందుకే ఫీల్డు ఉద్యోగాలు దొరుకుతాయి, ప్రోగ్రాం మేనేజరు మెట్టు మాత్రం ఇరుకు. పైగా ఆ సవరణతో ఒక సంస్థ తన విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వడం ఆగిపోయింది. మండలంలో చిన్న సంస్థ సొంతంగా రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలంటే మూడేళ్ళు నడిచి, ఆ మూడేళ్ళలో అసలు పనుల మీద 15 లక్షలు ఖర్చు చూపాలి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బుకు ఇంకో లెక్క. సీఎస్ఆర్-1 నమోదు లేని సంస్థ దాన్ని తీసుకోలేదు. 12ఏ, 80జీ అనే ఆదాయపు పన్ను నమోదులను గడువు తీరేలోగా కొత్త చేసుకోవాలి. ఈ తేదీలు గుర్తుపెట్టుకునే మనిషికి సంస్థల్లో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, సోషల్ వర్క్ చదివినవాళ్ళు మాత్రం అటు చూడరు.

చేరేముందు మొహమాటం లేకుండా అడగండి: నా జీతం ఏ గ్రాంటులోంచి వస్తుంది, ఆ గ్రాంటు ఏ నెలతో ముగుస్తుంది, పీఎఫ్ కడతారా. 1991 నుంచి కాజీపేటలో బాలవికాస ఉంది, హన్మకొండలో ‘మారి’ అనే సంస్థ ఉంది. ఇలాంటి పాత సంస్థల వార్షిక నివేదికలు ముందేసుకుని, ఎన్ని చోట్ల నుంచి డబ్బు వస్తుందో లెక్కపెట్టండి. ఒకే దాత మీద నడిచే చోట చేరితే మొదటి రోజు నుంచే రెండో ఉద్యోగం వెతుక్కోవాలి.

భీమదేవరపల్లి:
దాతలు లేని చోటు కూడా ఉందని ఎవరూ అనలేదు. ముల్కనూర్ సహకార సంఘం 1956 నుంచి నడుస్తోంది. జీతాలు సంఘం వ్యాపారం మీద వస్తాయి, గ్రాంటు తేదీ భయం లేదు. నాయకత్వం నేర్చుకోవాలంటే సభ్యులు నిలదీసే సర్వసభ్య సమావేశం కంటే మంచి బడి ఉండదు.

కొత్తగా వచ్చిన రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో సీఈవో ఉద్యోగానికి మాత్రం జాగ్రత్త. 2020 కేంద్ర పథకంలో నిర్వహణకు ఇచ్చేది మూడేళ్ళకు 18 లక్షల దాకా. నాలుగో ఏడు సీఈవోకు 25,000, అకౌంటెంటుకు 10,000 ఇవ్వాలంటే ఏడాదికి 4 లక్షల 20 వేలు కావాలి. ఎరువుల అమ్మకంలో నూటికి రెండు రూపాయలు మిగిలితే, ఆ జీతాలకే 2 కోట్ల 10 లక్షల అమ్మకం జరగాలి. మొదటి ఏడాదే ఈ లెక్క బోర్డు ముందు పెట్టని సీఈవో నాలుగో ఏడు ఉండడు.

ఏటూరునాగారం తొవ్వ:
మీరందరు మైదానం ముచ్చటే చెప్తున్రు. మా దిక్కు పని వేరే ఉంటది. 2006 అటవీ హక్కుల చట్టం కింద, సాగు చేసుకునే అడవి భూమి మీద హక్కుకు క్లెయిము పెట్టిచ్చుడు ఒక పెద్ద పని. 2005 డిసెంబర్ 13 కంటె ముందు నుంచి సాగుల ఉండాలె, మనిషికి 4 హెక్టార్లు దాటొద్దు, గిరిజనేతరులైతే 75 ఏండ్ల నివాసం చూపాలె. కాయితం గ్రామసభకాడ మొదలయి సబ్‌డివిజన్ కమిటీకి, ఆడికెంచి జిల్లా కమిటీకి పోతది. చెడేది ఎక్కడంటే, కొట్టేసిన సంగతి క్లెయిము పెట్టినాయనకు రాతపూర్వకంగ చెప్పరు. చెప్తెనే అప్పీలుకు 60 రోజుల లెక్క మొదలైతది. ఆ రాత ఇప్పిచ్చే మనిషి కావాలె. కోయ మాట రాకుంటె ముసలోళ్ళ సాక్ష్యం సరిగ రాసుకోలేరు. డిగ్రీ ఏ యూనివర్సిటీదని ఇక్కడ ఎవ్వరడగరు, ఆ మాట వస్తదా అని అడుగుతరు. జీతం తక్కువ, అది దాయొద్దు.

గ్రేడ్ ఫోర్:
పద్దు పుస్తకం చెప్పిన కాలువ సంగతి కాదనలేను. కానీ తక్కువ జీతం మీద మూడేళ్ళు నిలబడగలిగేది ఎవరు? ఇంటి మీద అప్పు లేనివాళ్ళు. అప్పు ఉన్న ఇంటి పిల్లలకు గ్రూప్-4, గ్రూప్-2 కంటే భద్రమైన దారి చూపించండి, అప్పుడు మాట మారుస్తాను. మండల పంచాయతీ అధికారి పోస్టు గ్రూప్-2లో ఉంది. మీరు చెప్పే పనంతా ఆ కుర్చీలో కూర్చుని చేయొచ్చు, అదీ ఒక ఊరికి కాదు, మండలం మొత్తానికి.

కేయూ క్రాస్‌రోడ్స్:
అప్పు మాట నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. నెల జీతం తప్పనిసరి అయినవాళ్ళకు ముందు పరీక్షే అని నా మాటను అంతవరకు సవరించుకుంటున్నా.

సెకండ్ సెమ్:
ఇంకా చదువుతున్నవాళ్ళు ఉద్యోగం లేకుండానే ఈ పద్దు చదవడం నేర్చుకోవచ్చా అన్నా?

పద్దు పుస్తకం:
నేర్చుకోవచ్చు తమ్ముడూ. ఈ-గ్రామస్వరాజ్‌లో లాగిన్ లేకుండానే మీ ఊరి ప్రణాళిక, ఓచర్లు కనిపిస్తాయి. గత ఏడాది ప్రణాళికలో ఉన్న పనులు ఒక కాగితం మీద, డబ్బు చెల్లించినవి ఇంకో కాగితం మీద రాయి. రెంటికీ తేడా ఉన్న పనులు పట్టుకుని వాడలో నడువు. కాలువ అయితే పొడవు టేపుతో కొలువు. తర్వాత ఎంబీ నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. పంచాయతీ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. జవాబుకు 30 రోజులు. దరఖాస్తులో "వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే రెండు వాక్యాల జవాబు వస్తుంది. పని పేరు, ఏడాది, ఓచర్ నంబరు వేసి "ఎంబీ పేజీల ధ్రువీకరించిన నకళ్ళు" అని అడుగు. కార్యదర్శిని ముందే కలిసి ఎందుకు అడుగుతున్నావో చెప్పు, ఆయనతో నీకు పేచీ లేదు. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. నీ రెండు కాగితాలూ పట్టుకుని అక్కడికి పో.