ఎదురుదెబ్బ తగిలిన ప్రతిసారీ ‘ఇది ఫీడ్‌బ్యాక్’ అనుకోవాలా?

రెండోఊపిరి (చర్చ మొదలుపెట్టినవారు)

నిద్ర, వ్యాయామం, బరువు, ఈ మూడింటినీ ఒక దారికి తెచ్చుకుందామని ఒక ఆన్‌లైన్ గ్రూపులో చేరాను. కొన్నాళ్లు బాగానే సాగుతుంది, ఎక్కడో తెగుతుంది. తెగినప్పుడల్లా మా కోచ్‌ది ఒకటే మాట: "ఇది ఓటమి కాదు, ఫీడ్‌బ్యాక్." మొదట్లో ఆ మాట వింటే ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు ఒళ్లు మండుతోంది. మొన్న జ్వరమొచ్చి మంచమెక్కితే "ఈ బ్రేక్ నుంచి ఏం నేర్చుకున్నారు?" అని మెసేజ్ పెట్టారు. జ్వరం నుంచి ఏం నేర్చుకోవాలండీ? థర్మామీటర్ ఎలా చూడాలో? మీలో ఎవరికైనా ఈ పద్ధతి నిజంగా పనికొచ్చిందా, లేక అందరం మొహమాటానికి తలూపుతున్నామా?

పాతపొగ

నాకు పనికొచ్చింది. సిగరెట్ మానగలిగానంటే దానివల్లే. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మానిన కొత్తలో ఒకరోజు ఆఫీసు వెనక మెట్ల మీద ఒకటి కాల్చేశాను. అంతకుముందైతే ఒకటి కాల్చగానే "ఛీ, నావల్ల కాదు" అనుకుని సాయంత్రానికి పెట్టె కొనేసేవాణ్ని. అలన్ మార్లట్ అనే అమెరికన్ సైకాలజిస్టు వ్యసనాల మీద పనిచేస్తూ 1980ల్లో చెప్పింది సరిగ్గా దీని గురించే. ఒకసారి జారడం వేరు, పూర్తిగా వెనక్కి పోవడం వేరు. జారినవాణ్ని అంత దూరం లాక్కెళ్లేది నికోటిన్ ఒక్కటే కాదు, "నేనింతే" అని వాడు తన మీద తనే ఇచ్చుకునే తీర్పు కూడా.

ఆరోజు ఆ తీర్పు జోలికి పోకుండా, అసలేం జరిగిందా అని చూశాను. ఫోన్‌లో ఒక క్లయింటుతో గొడవైంది. ఫోన్ పెట్టేసి జేబులో వేసుకుంటుంటే అదే జేబులో లైటర్ తగిలింది. దానంతటదే బయటికొచ్చినట్టు చేతిలో ఉంది. మానేశాక కూడా లైటర్ ఎందుకు మోస్తున్నానో నాకే తెలీదు. ఆ సాయంత్రమే దాన్ని పారేశాను. గొడవ ఫోన్లు లోపల కుర్చీలో కూర్చునే మాట్లాడటం మొదలుపెట్టాను. ఆరోజు జారకపోతే ఆ లైటర్ సంగతి నాకు తట్టేదే కాదు. దీన్ని ఫీడ్‌బ్యాక్ అనకపోతే ఇంకేమంటారు?

ఉదయరాగం

భలే చెప్పారన్నా. లైటర్ దగ్గర ఆగిపోయాను. నా బల్ల సొరుగులో ఇంకా ఉంది.

లెక్కలపిచ్చి

రెండోఊపిరి గారూ, ముందు ఒక్కటి చెప్పండి. తూకం రోజూ చూస్తున్నారా, వారానికోసారా? రోజూ చూసే అంకెను నమ్ముకుంటే అయిపోయినట్టే. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (చక్కెర నిల్వ) ప్రతి గ్రాముతోనూ దాదాపు 3 గ్రాముల నీళ్లు ఉంటాయి. ఉప్పు కాస్త ఎక్కువైనా, నెలసరి ముందైనా, కొత్తగా గట్టి వ్యాయామం మొదలుపెట్టినా ఒకటి రెండు కిలోలు ఇట్టే మారతాయి. కొవ్వు అంత వేగంగా పెరగదు. వారం సగటు చూడండి.

నీరెండ

పాతపొగ గారి లైటర్ కథ బాగుంది. కానీ కారణం అలా జేబులోనే దొరికే అదృష్టం అందరికీ ఉండదండీ.

నా సంగతి వినండి. పొద్దున లేవలేకపోవడం, మెట్లెక్కితే ఆయాసం, ఏం చేసినా బరువు పెరగడం. అన్నీ నోట్‌బుక్‌లో రాసేదాన్ని. ఎడమవైపు ఏం తప్పింది, కుడివైపు ఏం నేర్చుకున్నాను. కుడివైపు చూస్తే అంతా ఒకే పాట: "ఇంకా పెందలాడే పడుకోవాలి", "బద్ధకం వదలాలి", "సాకులు చెప్పకూడదు". నేను చూపించుకున్న డాక్టరు కంప్యూటర్ మీంచి తల కూడా ఎత్తకుండా "కాస్త ఒళ్లొంచండమ్మా" అన్నారు. తర్వాతెప్పుడో వేరే పనిమీద రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) ఉండాల్సినదానికంటే చాలా పైన ఉంది. థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదట. అలసట, బరువు, అందరికీ ఉక్కపోస్తుంటే నాకు చలెయ్యడం, అన్నీ దాని లక్షణాలే. కుడివైపు నేను రాసుకున్నదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు. అంత శ్రద్ధగా నేర్చుకున్నదల్లా నన్ను నేను తిట్టుకోవడం.

ఓటమే గురువు అంటారు కదా. లారెన్ ఎస్‌క్రైస్-వింక్లర్, అయెలెట్ ఫిష్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ మాటను పరీక్షకు పెట్టి 2019లో ఫలితాలు ప్రచురించారు. రెండే జవాబులున్న ప్రశ్నలు. "మీది తప్పు" అన్నారంటే రెండోది ఒప్పని తెలిసిపోయినట్టే. "ఒప్పు" అన్నప్పుడు దొరికేంత సమాచారమూ అందులో ఉంది. అయినా "తప్పు" అనిపించుకున్నవాళ్లు తక్కువ నేర్చుకున్నారు. పక్కవాడి తప్పు నుంచి మాత్రం బాగానే నేర్చుకున్నారు. సొంత తప్పు వినగానే మనసు తలుపేసుకుంటుంది, అంతే.

నడకరాజు

ఒక రోజు తప్పితే మాత్రం నేర్చుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు. లండన్‌లో ఫిలిప్పా లల్లీ బృందం 96 మందితో చేసిన అధ్యయనం ఉంది. అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అని లెక్క తేలింది. మధ్యలో ఒక్కసారి తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. కాబట్టి జ్వరమొస్తే పడుకోండి, ఆ మెసేజ్‌కి జవాబివ్వకండి.

పాతపొగ

నీరెండ గారూ, అది ల్యాబులో ఆడించిన ఆట. బతుకులో ఎవరూ రెండు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనరు. పైగా మీ కథ నా మాటనే బలపరుస్తోంది. ఎంత చేసినా అలసట తగ్గకపోవడం కూడా ఫీడ్‌బ్యాకే కదా? దాన్ని సరిగ్గా చదివి ఉంటే పరీక్ష ముందే చేయించుకునేవారు.

నీరెండ

ఇదిగో, వచ్చేసింది! దీనికోసమే చూస్తున్నాను. జబ్బు నాది, తిట్లు తిన్నది నేను, ఇప్పుడు సరిగ్గా చదవలేకపోయిన తప్పు కూడా నాదేనా? డాక్టరే చదవలేనిది నేను చదవాలా? బాగైతే పద్ధతి గొప్పది, బాగుపడకపోతే మనిషి మొద్దు. ఓడిపోయే అవకాశమే లేని వాదన అండీ మీది.

లెక్కలపిచ్చి

ఒక చిన్న విషయం. థైరాయిడ్ తగ్గినప్పుడు పెరిగే బరువులో కూడా చాలావరకు ఉప్పూ నీళ్లే, కొవ్వు తక్కువ. అందుకే తూకం...

నీరెండ

మీకు దణ్ణం పెడతాను, ఆ తూకాన్ని కాసేపు పక్కన పెట్టండి.

ఉదయరాగం

అన్నా, అక్కా, ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

పాతపొగ

నెమ్మదిగానే ఉన్నాను. ఇది ఇక్కడ రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను. మా నాన్న చివరిదాకా కాల్చారు. రాత్రంతా దగ్గు, పొద్దున లేవగానే మొదటి చెయ్యి పెట్టె మీదే. ఎవరైనా మానమంటే "నా చేతుల్లో ఏముందిరా" అనేవారు. ఆ మాట వింటూ పెరిగాను. ఎవరైనా "మీ తప్పేం లేదు" అంటే నాకు ఊరట రాదు, వెన్నులో వణుకొస్తుంది. ఆ మాటని లోపలికి రానిచ్చిన రోజున మళ్లీ అంటించేస్తాను. నాకు తెలుసు.

నీరెండ

నాన్నగారి సంగతి చదివి బాధేసిందండీ. కానీ ఆయనతో వాదించాల్సింది మీరు నాతో వాదిస్తున్నారు. అంతా నీ చేతుల్లోనే ఉంది అని చెప్పీ చెప్పీ నన్ను జబ్బుతోనే పరుగులు పెట్టించారు. మీరు భయపడే మాట నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

గోడమీదపిల్లి

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను, ఇప్పుడు దిగుతున్నాను. మీరిద్దరూ ఒకే విషయం మాట్లాడటం లేదు. సిగరెట్ సంగతిలో అంటించామా లేదా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది, కారణం ఆ పది నిమిషాల్లోనే ఎక్కడో ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. బరువు, అలసట అలా కాదు. ఫలితం వారాల తర్వాత వస్తుంది, నిద్రా మందులూ హార్మోన్లూ దిగులూ అన్నీ కలిసి వస్తుంది, ఏది ఎంతో తూకం చెప్పదు. కారణం కనపడనిచోట మనిషి తనకి బాగా అలవాటైన కారణాన్నే రాసుకుంటాడు. నీరెండ గారి నోట్‌బుక్‌లో కుడివైపు జరిగింది అదే. మార్లట్ భయపడిందీ దానికే, జారడానికి కారణం నా స్వభావంలోనే ఉందనుకోవడానికి.

ఫీడ్‌బ్యాక్ ఇస్తే మంచే జరుగుతుందన్న గ్యారంటీ కూడా లేదు. 1996లో క్లూగర్, డెనీసి అనే ఇద్దరు అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ పోగేసి, 600కు పైగా ఫలితాలు కలిపి చూస్తే సగటున మేలే కనపడింది, కానీ మూడోవంతుకు మించినవాటిలో పనితీరు ఇంకా దిగజారింది. వాళ్లిచ్చిన వివరణ ఏంటంటే, దృష్టి చేసే పని మీంచి ‘నేనెలాంటివాణ్ని’ అనేదాని మీదికి మళ్లినకొద్దీ ఫీడ్‌బ్యాక్ పనిచేయడం తగ్గుతుంది.

నేనడిగేది ఒక్కటే. ఎలాంటి ఫలితం వస్తే మీరు "ఈ లక్ష్యమే వద్దు" అంటారు? రెండోఊపిరి గారి కోచ్‌కి జ్వరమైనా, తెగిన నిద్రైనా జవాబు "కొనసాగించండి" అనే కదా. ఏమొచ్చినా జవాబు మారనప్పుడు అడగడం దేనికి?

పాతపొగ

సిగరెట్ విషయంలో "వద్దు" అనే జవాబు ఉండనే ఉండకూడదు. దారి మారొచ్చు, మాత్రలు, ప్యాచ్‌లు, కౌన్సెలింగ్, ఏదైనా. లక్ష్యం మారదు. ఇక్కడ నేను తగ్గను.

నీరెండ

తగ్గమని ఎవరన్నారండీ? సిగరెట్‌కి ఆ హోదా ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నా బరువు అంకెకి అదే హోదా ఎవరిచ్చారు? నేను పొద్దున లేచి ఆయాసం లేకుండా మెట్లెక్కితే చాలనుకుంటే, అది ఓడిపోవడం ఎలా అవుతుంది? ఈ మాట అడిగితే గ్రూపులో అందరూ నావైపు జాలిగా చూసేవాళ్లు.

పాతపొగ

జాలి నేను చూపించలేదు. కానీ మనిషి లక్ష్యం మార్చుకుంటున్నాడా, లక్ష్యం నుంచి పారిపోతున్నాడా అన్నది బయటివాడికి తెలీదు. చాలాసార్లు లోపలివాడికీ తెలీదు. మా నాన్నకి తెలీలేదు.

నడకరాజు

ఈ ఒక్క ముక్క మొదటే రాసి ఉంటే గొడవ ఉండేది కాదు.

రెండోఊపిరి

అందరికీ థాంక్స్. గోడమీదపిల్లి గారి ప్రశ్నని ఉన్నదున్నట్టు మా కోచ్‌కి పంపాను: ఏ ఫలితం వస్తే ఈ ప్లాన్ నాకు సరిపడదని మీరు ఒప్పుకుంటారు? జవాబొచ్చింది: "ఈ ప్రశ్న మీకు రావడమే ఒక ఫీడ్‌బ్యాక్. మీ మనసు వెనకాడుతోంది. దీని మీద పనిచేద్దాం."

ఉదయరాగం

😂😂

పాతపొగ

ఆ కోచ్‌ని మార్చండి. తప్పు కోచ్‌ది, పద్ధతిది కాదు.

నీరెండ

మళ్లీ మొదటికొచ్చారు.

లెక్కలపిచ్చి

రెండోఊపిరి గారూ, తూకం రోజూనా వారానికోసారా, ఇంకా చెప్పనేలేదు.