ఊళ్లో ఈ ఏడాది పోయినవాళ్ల వివరాలు పుస్తకంగా వేయడం ఎలా?

ప్రశ్న: కృష్ణా జిల్లాలోని మా ఊళ్లో ఈమధ్య కాలం చేసిన పెద్దల గురించి చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం. వాళ్ల పుట్టిన ఏళ్లు ఎవరికీ తెలియవు. ఫొటోలూ పాతవే. ఎలాగండీ?

జవాబు 1: ఆధార్‌లో జనవరి 1 ఉంటే దాన్నే నమ్ముకోకండి, చాలావరకు అంచనా వయసుకు వేసిన తేదీ అది. "దివిసీమ ఉప్పెన నాటికి పెళ్లయిందా? పిల్లలెందరు?" అని అడగండి. అది 1977 నవంబరు. తెలుగు సంవత్సరం పేరు చెబితే ఇంకో ఆధారం కూడా చూసుకోండి. ప్రభవ 1927లోనూ వచ్చింది, 1987లోనూ వచ్చింది.

జవాబు 2: ఫొటో అద్దానికి అంటుకుపోతే పీకొద్దు, బొమ్మ పొర ఊడొస్తుంది. అద్దంతోనే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయండి.

జవాబు 3: పెద్దకర్మ అయ్యాకే వెళ్లండి. కొడుకులనే కాదు, ఆడపడుచులనూ, కలిసి నాట్లు వేసినవాళ్లనూ అడగండి. ఆడవాళ్ల పుట్టింటి పేరు తప్పక రాయండి, లేకుంటే ఫలానావారి భార్యగానే మిగిలిపోతారు. అచ్చుకిచ్చే ముందు ఇంటివాళ్లకు చదివి వినిపించండి.