మడపొల్లం గుడ్డ, మాధవాయిపాలెం

మడపొల్లం అనే తెల్లని నూలుగుడ్డ పేరు ఇంగ్లీషు మాట కాబోలునని, పందొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలో గోదావరి డెల్టా చితికిపోవడానికి వానలేమే కారణమని, కాటన్ దొర ఆనకట్టే దాన్ని నిలబెట్టిందని కొందరు మిత్రులు అన్నారు కనుక రాస్తున్నాను. ఆ పేరు నరసాపురం దగ్గరి మాధవాయిపాలేనిదే. పదిహేడో శతాబ్దంలోనే అక్కడ ఇంగ్లీషు కంపెనీ వర్తకస్థావరం వెలసింది. డెల్టాలో ఇంజరం, బండమూర్లంక మరి రెండు స్థావరాలు. మాధవాయిపాలెంలో కొని ఓడకెత్తిన తెల్లని నూలుగుడ్డకు ఆ ఊరి పేరే నిలిచింది.

ఆ గుడ్డ కొన్న సొమ్ము ఎవరిదన్నది కూడా ఈ చర్చలోకి రావాలి. 1765 నాటి మొగలు చక్రవర్తి ఫర్మానాతో, మరుసటి ఏటి నిజాము ఒప్పందంతో ఉత్తర సర్కారులు (ఈ కోస్తా తీరపు జిల్లాలు) దక్కకముందు కంపెనీ సరుకు కోసం సముద్రం మీద వెండి తెచ్చుకునేది. దక్కిన తరువాత, ఈ గడ్డ మీద వసూలైన శిస్తులోంచే నేతగాళ్లకు బయానాలిచ్చి, నేయించిన గుడ్డను విదేశాలకు పంపగలిగింది. రైతు కట్టిన పన్నే గుడ్డకు వెల అయింది. ఎగుమతికి బదులుగా బయటినుండి రావలసిన ధనం రాలేదు. బయానా పుచ్చుకున్న నేతగాడు బాకీ తీరేదాకా మరో వర్తకుడికి అమ్ముకోలేకపోగా మగ్గానికి మొహతర్ఫా అనే చేతివృత్తుల పన్ను కూడా కట్టవలసివచ్చేది.

అన్యాయపు బేరమే అయినా, దానివల్ల శిస్తులో కొంత పల్లెలకు తిరిగి చేరేది. ఇంగ్లండు మరమగ్గాల గుడ్డ అంగళ్లను ఆక్రమించి, మాధవాయిపాలెం స్థావరం మూతపడేసరికి ఆ దారి కూడా పోయింది. తరువాత ఆ మిల్లుల గుడ్డే మడపొల్లం పేరుతో మన దేశానికి దిగుమతి అయింది.

శిస్తు మాత్రం తగ్గలేదు. 1802–03 నాటి శాశ్వత బందోబస్తులో జమీందారుల పేష్కషు (సర్కారుకు ఏటా చెల్లించే స్థిరమైన మొత్తం) పంట పండినా ఎండినా కట్టవలసిందే. బకాయిపడితే ఎస్టేటు వేలానికి వచ్చేది, ఆ భారమంతా చివరికి సాగుచేసేవాడి నెత్తిన పడేది. 1832–33 కరువు, 1839 తుపాను ఇలా రొక్కం కరువైన పల్లెల మీద వచ్చి పడ్డాయి. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7,38,000 ఉండగా 1841 నాటికి 5,61,000కు పడిపోయింది. వాన లేకపోవడమే దీనికంతటికీ కారణమన్న వాదం నాకు సమ్మతం కాదు.

కాటన్ దొర పేరెత్తిన మిత్రులకు ఒక మాట. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పొలాలను నిలబెట్టింది, సర్కారు రాబడినీ పెంచింది. మగ్గాలు పోగొట్టుకున్న అంగడిని మాత్రం తిరిగి తేలేదు.