మిరప ముడత: ఒక్క మాట సరిగ్గా చెప్తే ఏం పోతుంది?

మిద్దెమీద మిరప:
మొన్న ఈ గ్రూపులోనే, ఆకులు ముడుచుకుపోయిన మా మిరప మొక్క ఫొటో పెట్టి "అర్జెంట్, ఏం మందు కొట్టాలి?" అని అడిగాను. ఒకరు వేపనూనె అన్నారు, ఒకరు గంధకం అన్నారు, ఇంకొకరు పీకి పారేయమన్నారు. ఒకాయన దండం బొమ్మ పెట్టి వెళ్లిపోయారు. విసుగొచ్చి శనివారం నూనె, గంధకం రెండూ కలిపి కొట్టేశాను. ఇప్పుడు ఆకులు మాడిపోయాయి. తెలిసినవాళ్లు కూడా ఇలా తలో మాట చెప్తే ఎలాగండీ?

పొలంగట్టు బాబాయి:
అమ్మా, ఆ ఫొటో నేనూ చూశాను. మొక్క కంటే వెనక ఆరేసిన దుప్పటే బాగా కనిపించింది!

మిరపలో ముడత ఒక్క రకం కాదు. ఆకు అంచులు పైకి తిరిగి దొప్పలా అయితే తామర పురుగు, అంటే రసం పీల్చే సన్నటి పురుగు. కిందికి ముడుచుకుని, కాడ సాగితే నల్లి (మంచం నల్లి కాదు, మొక్కల రసం పీల్చే అతి చిన్న పురుగు). ఆకులు చిన్నవై, గుబురుగా, ఈనెలు పసుపు తిరిగితే తెల్లదోమ తెచ్చిన వైరస్. దానికి మందు లేదు, పీకడమే. అంటే ఆ ముగ్గురూ తప్పు చెప్పలేదు. తలొకరూ ఒక్కో జబ్బుకి చెప్పారు. మీది ఏదో మీరు చెప్పలేదు.

ఆకు వెనక్కి తిప్పి దగ్గరగా ఫొటో తీయండి. ఎన్నాళ్లైంది, చిగురా ముదురాకా, ఇప్పటికే ఏం కొట్టారు, ఇవన్నీ రాయండి. 2021లో నల్ల తామర పురుగు పడ్డప్పుడు నేనూ "పూత రాలుతోంది, ఏం చేయాలి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. పువ్వు కోసి తెల్ల కాగితం మీద దులపమని ఎవరో అడిగాక గానీ పురుగు బయటపడలేదు.

పెరటి పిచ్చి:
బాబాయ్ గారూ, చెప్పేవాళ్లకీ ఓ చురక వేయండి. గంధకం అన్నది నేనే. నీళ్లలో కరిగేది, లీటరుకి 3 గ్రాములు అని రాయలేదు. నూనెతో కలపకూడదనీ, నూనె కొట్టిన రెండు వారాల దాకా గంధకం జోలికి పోకూడదనీ రాయలేదు. బస్సులో ఉండి ఒక్క మాట కొట్టి ఫోను జేబులో పెట్టేశాను. అక్కా, ఆ ఆకులు మాడింది నా వల్లే.

మిద్దెమీద మిరప:
అయ్యో, పర్లేదమ్మా. కలిపింది నేనేగా. ఇప్పుడే చూశాను: చిగురాకులు కిందికే ముడుచుకున్నాయి, కాడలు సాగాయి. పది రోజులైంది. పాత పోస్టు తీసేయనా, సిగ్గుగా ఉంది.

పొలంగట్టు బాబాయి:
నల్లిలాగే ఉంది. రెండు వారాలు ఏ మందూ వద్దు. ఆకుల అడుగున తగిలేలా నీళ్లు కొట్టండి, బాగా ముడిచిన కొసలు తుంచేయండి. తర్వాత గంధకం ఒక్కటే, ఎండ తగ్గాక. పోస్టు ఉంచండి, రేపు ఇంకొకరు ఇదే వెతుక్కుంటూ వస్తారు. మొక్క బతికినా చచ్చినా ఇక్కడే వచ్చి చెప్పండి. చాలామంది చెప్పరు, మేం ఊహించుకుంటూ కూర్చుంటాం.

మిద్దెమీద మిరప:
తప్పకుండా బాబాయ్ గారూ. ఈసారి దుప్పటి తీసేసి తీస్తాను.