అప్‌డేట్: రాజీనామా మీద సంతకం పెట్టలేదు

గత నెల అడిగాను కదా, విశాఖ రుషికొండలో మా కస్టమర్ సపోర్ట్ టీమ్‌ని ఎత్తేస్తున్నారు, హెచ్ఆర్ వాళ్లు రాజీనామా రాసిమ్మంటున్నారు, ఇవ్వాలా వద్దా అని. ఇవ్వలేదండీ. ముందే టైపు చేసిన కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను పెట్టి కూర్చోబెట్టారు, చేతులు చల్లబడిపోయాయి, అయినా మీరు చెప్పినట్టే "మీరే తీసేస్తున్నట్టు రాసివ్వండి" అన్న ఒక్క మాట మీదే ఉన్నాను. మూడు వారాలు తిప్పి లెటర్ ఇచ్చారు, నోటీసు జీతం వేశారు.

గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు) సంగతి చెప్పినవాళ్లకి దండం. 5 ఏళ్లు దాటితే రాజీనామా చేసినా వస్తుందని నాకు తెలియదు. ఆఖరి నెల బేసిక్ జీతాన్ని 26తో భాగించి, 15తో, నా 6 ఏళ్లతో గుణిస్తే వచ్చిన లెక్కే అకౌంట్లో పడింది.

మా పనిలో మొదటి లెవెల్ టికెట్లు, అంటే కస్టమర్ల మామూలు ఫిర్యాదులు, చాట్‌బాట్‌కి, మిగతావి మనీలాకి వెళ్లిపోయాయి. ఆ బాట్‌కి నేర్పడానికి ఏడాది పాటు పాత చాట్‌లన్నిటికీ ట్యాగులు పెట్టింది మేమే, అది మాత్రం మింగుడు పడట్లేదు. నా పక్క సీటు శ్రీకాకుళం అమ్మాయి భయపడి సంతకం పెట్టేసింది, రెండేళ్ల సర్వీసు, చేతికి ఏమీ రాలేదు. నిన్న మద్దిలపాలెంలో కనబడితే ఏం మాట్లాడాలో తెలియలేదు.

నాకింకా ఉద్యోగం రాలేదు. సోమవారం మధురవాడలో ఒక ఇంటర్వ్యూ ఉంది.