మూణ్ణెల్లకోసారి స్కాన్: అమ్మ పెట్టుకున్న నియమాలు అడ్డమా?

గట్టుమీద మర్రి:
మాది అమలాపురం దగ్గరండి. అమ్మకి మూణ్ణెల్లకోసారి పెట్-సీటీ (మందు ఎక్కించి తీసే స్కాన్), మధ్యలో ఎమ్మారై. రాజమండ్రి తీసుకెళ్ళాలి. ప్రతిసారీ వాడపల్లి వెంకన్నకి ఏడు ప్రదక్షిణలు, పొద్దున్నే తలస్నానం, ఉపవాసం, రావులపాలెం దాటాక వంతెన మీంచి గోదారిలో రూపాయి బిళ్ళ. ఇవి లేకపోతే ఆవిడ గడప దాటదు. మానమని చెప్పలేను. స్కాన్‌కి వీటిలో ఏది అడ్డం?

ఏసీ గది:
బిళ్ళ వెయ్యనివ్వండి, దానికేం అడ్డం లేదు. మిగతా వాటికి చిన్న సవరణలు చాలు.

ముఖ్యమైనది ఉపవాసం. గుడి ఉపవాసంలో పాలూ పళ్ళూ నడుస్తాయి, పెట్-సీటీకి నడవవు. కనీసం ఆరు గంటలు మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు. మన వైపు ఎక్కువమంది తప్పేది కొబ్బరినీళ్ళ దగ్గరే. నీళ్ళే కదా అని తాగేస్తారు, అందులో చక్కెర ఉంది. ఎక్కించే మందు గ్లూకోజ్ లాంటిదే, కాస్త రేడియేషన్ కలిపి ఉంటుంది. తిని వస్తే ఇన్సులిన్ పెరిగి మందంతా కండరాల్లోకి పోతుంది, చూడాల్సిన చోట మసకబారుతుంది. రక్తంలో షుగర్ 200 దాటితే చాలాచోట్ల వెనక్కి పంపేస్తారు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడు ఆపాలో డాక్టర్‌నే అడగండి, సొంతంగా ఆపొద్దు.

ప్రదక్షిణలు స్కాన్‌కి 24 గంటల లోపు వద్దు. శనివారం రద్దీలో గంటల తరబడి నడిస్తే కాళ్ళ కండరాలు మందు లాక్కుంటాయి. శనివారం గుడి, సోమవారం స్కాన్ అయితే ఏ ఇబ్బందీ లేదు.

తలస్నానం ముందు రోజు సాయంత్రానికి మార్చండి. తడిజుట్టుతో ఏసీలో వణికితే మెడ దగ్గర కొవ్వు మందు పీల్చి గడ్డలా కనబడొచ్చు. శాలువా తెచ్చుకోండి. ఇంజెక్షన్ తర్వాత గంట కదలకుండా పడుకోవాలి. జపం చేసుకోవచ్చు, కానీ మనసులోనే. పెదవి కదిపినా, వక్కపొడి నమిలినా గొంతు, దవడ కండరాలు మందు లాక్కుని స్కాన్‌లో వెలుగుతాయి.

ఇంకోటి, ఆలస్యం. ఆ మందులో రేడియేషన్ 110 నిమిషాలకి సగమైపోతుంది. మీరు గంట ఆలస్యమైతే దాదాపు మూడో వంతు పోయినట్టే. దుర్ముహూర్తం చూసి బయల్దేరేవారైతే ముందు రోజే రాజమండ్రి చేరిపోండి.

పసుపుకొమ్ము:
ఎమ్మారై మిషనంటే పెద్ద అయస్కాంతం, దానికి ఇబ్బంది నగలతోనండి. పుస్తెలు తియ్యాలనేసరికి పెద్దవాళ్ళు ఏడ్చేస్తారు. ఇంట్లోనే దేవుడి ముందు పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి మెళ్ళో వేసి, అప్పుడు పుస్తెల తాడు తీయండి. అక్కడ గుమ్మం దగ్గర హడావిడిగా లాగడం కంటే ఇది ఎంతో నయం. తాడులో జరీ పోగు ఉండకూడదు. మెట్టెలు రావు, ముందు రాత్రే సబ్బునీళ్ళతో తీయాలి. తాయెత్తు, నల్లపూసలు, మొలతాడు వెండి బిళ్ళ కూడా. వెండీ రాగీ అయస్కాంతానికి అంటుకోకపోయినా వేడెక్కి చర్మం కాలొచ్చు. తలపిన్నులు, పిన్నీసులు అయితే ఎగిరిపోతాయి, అసలైన ప్రమాదం వాటితోనే.

లంక రేవు:
నేను చెప్పేది రిపోర్టు గురించి. "బాగా వస్తే ఇది చేస్తా" అన్న మొక్కు మాత్రం పెట్టుకోనివ్వకండి. రిపోర్టు తేడాగా వస్తే ఏ ప్రదక్షిణ తక్కువైందోనని ఆవిడ తనని తానే తిట్టుకుంటారు. మొక్కు వెళ్ళొచ్చినందుకు ఉండాలి, ఫలితానికి కాదు. స్కాన్ అయ్యాక ప్రసాదం నోట్లో పెట్టండి, అప్పుడు కొబ్బరినీళ్ళు కూడా.

పాత సీడీలు, రిపోర్టులు తేదీల వరసలో ఒకే సంచిలో పెట్టుకోండి. వీలైనంతవరకు అదే సెంటర్, అదే మిషను. మిషను మారితే అంకెలు కొంత మారతాయి, అనవసరంగా గుండె జారుతుంది. రిపోర్టు బస్సులో విప్పొద్దు. డాక్టర్ దగ్గరే విప్పడం కూడా ఒక నియమంగా పెట్టేయండి, ఆవిడకి నియమాలు అలవాటేగా.

ఏసీ గది:
ఒకటి మర్చిపోయాను. పెట్-సీటీ రోజు మనవలు ఎదురొచ్చి వాటేసుకుంటారు. ఒంట్లో ఆ మందు రేడియేషన్ ఉంటుంది కాబట్టి ఆ రాత్రి వరకు పసిపిల్లలకీ గర్భిణులకీ ఎడంగా కూర్చోబెట్టండి, నీళ్ళు బాగా తాగించండి. మర్నాడు పొద్దున్నకి మందు పోతుంది, అప్పుడు ఎత్తుకోవచ్చు.