కరెన్సీని కదిలించేది వడ్డీ రేటా, రాజకీయమా?

వడ్డీలెక్క:
ఎన్నికలు, యుద్ధాలు, సుంకాల ప్రకటనలు వచ్చినప్పుడల్లా కరెన్సీ విలువ వాటివల్లే మారిందని రాయడం పత్రికలకు అలవాటైపోయింది. రెండు దేశాల వడ్డీ రేట్ల మధ్య తేడా ఎంత, ఆ తేడా ఇకముందు పెరుగుతుందని మార్కెట్ అనుకుంటోందా లేక తగ్గుతుందనుకుంటోందా అన్నదే అసలు లెక్క అని, మిగిలినదంతా నాలుగు రోజుల అలజడి అని నా వాదన. డబ్బు ఎక్కువ వడ్డీ వచ్చే చోటికే పోతుంది, అది చేరిన దేశపు కరెన్సీ బలపడుతుంది. 2022 మార్చిలో సున్నాకు దగ్గరగా ఉన్న రేటును అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2023 జూలై నాటికి 5.25–5.50 శాతానికి చేర్చింది. జపాన్ కేంద్ర బ్యాంకు మాత్రం ఆ కాలమంతా మైనస్ 0.1 శాతాన్ని వదల్లేదు. డాలరుకు సుమారు 115 యెన్‌లుగా ఉన్న మారకం 2022 అక్టోబరులోనే 150 దాటింది, అంటే యెన్ అంతగా పడిపోయింది. ఆ మధ్యలో, జూలైలో, మాజీ ప్రధాని షింజో అబే హత్య జరిగింది. ఆ దేశ రాజకీయాల్లో ఆ ఏడాది అంతకు మించిన కుదుపు లేదు. అయినా యెన్ పోయే దారిన పోతూనే ఉంది.

సరిహద్దు:
మీ వాదనకు అనువైన దేశాన్నే మీరు ఎంచుకున్నారు. అదే 2022లో బ్రిటన్‌ను చూడండి. సెప్టెంబరు 22న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటును 1.75 నుంచి 2.25 శాతానికి పెంచింది. మర్నాడే లిజ్ ట్రస్ ప్రభుత్వ ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్, ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా భారీ పన్ను తగ్గింపులు ప్రకటించారు. ప్రభుత్వ బాండ్లపై రాబడి, అంటే ప్రభుత్వ అప్పుకు మార్కెట్ అడిగే వడ్డీ, ఎగబాకింది. మీ లెక్క ప్రకారం పౌండు బలపడాలి. అది 26న 1.03 డాలర్ల దగ్గరకు, అంతకుముందెన్నడూ చూడనంత కిందికి పడింది.

చూస్తున్నాను:
2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాలు ప్రకటించాక కూడా అమెరికా బాండ్ల రాబడి పెరిగింది, డాలరు పడింది. దానికి కూడా వడ్డీలెక్క గారు సమాధానం చెబితే బాగుంటుంది.

వడ్డీలెక్క:
పౌండు నవంబరు మధ్యకల్లా మళ్లీ 1.18 దగ్గరకు చేరిందని సరిహద్దు గారు ఎందుకు చెప్పలేదు? సెప్టెంబరు 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగి దీర్ఘకాలిక బాండ్లు కొనడం మొదలుపెట్టింది కాబట్టే భయం చల్లారింది. అంటే తగలబెట్టింది రాజకీయం కావచ్చు, ఆర్పింది మాత్రం కేంద్ర బ్యాంకు.

సరిహద్దు:
క్వార్టెంగ్ పదవి ఊడింది, ఆ పన్ను తగ్గింపుల్లో దాదాపు అన్నీ రద్దయ్యాయి, ట్రస్ రాజీనామా ప్రకటించారు. పౌండు కోలుకోవడానికి ఇవి కారణాలు కావా? బాండ్ల కొనుగోలు అక్టోబరు 14తో ముగిసింది. ప్రభుత్వం తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకోకపోతే ఆ తర్వాత ఏమయ్యేదో ఆలోచించండి.

ఇక టర్కీ సంగతి. 2021 మార్చి 18న అక్కడి కేంద్ర బ్యాంకు రేటును 19 శాతానికి పెంచింది. రెండు రోజులకే అధ్యక్షుడు ఎర్దోగాన్ ఆ బ్యాంకు గవర్నరు నాజీ అగ్బాల్‌ను తొలగించారు. సోమవారం మార్కెట్లు తెరవగానే లీరా 15 శాతం దాకా కూలింది. రేటు మాత్రం అదే 19.

తూనికరాయి:
15 శాతం అన్నది ఆ రోజు ఒక దశలో కనిపించిన అంకె మాత్రమే. రోజు ముగిసేసరికి అందులో దాదాపు సగం తిరిగి వచ్చింది. చర్చలో ముగింపు ధరనే వాడాలని నా మనవి.

సరిహద్దు:
ముగింపు ధరే వాడండి. సగమైనా, ఒక సంతకానికి ఒక్క రోజులో అంత పడిందా లేదా?

తూనికరాయి:
పడింది. కానీ 15 కాదు.

వడ్డీలెక్క:
టర్కీ కథ మీరు అనుకుంటున్నట్టు నా వాదనకు ఎదురు కాదు. గవర్నరు పోయాడంటే రేటు తగ్గబోతోందని మార్కెట్ లెక్క వేసింది. ఆ లెక్క తప్పలేదు కూడా. 2021 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు, ద్రవ్యోల్బణం 19 శాతం పైనుంచి ఇంకా ఎగబాకుతున్నప్పుడు, రేటును 19 నుంచి 14కు దించారు. ఆ వ్యవధిలో డాలరుకు సుమారు ఎనిమిదిన్నర ఉన్న లీరా ఒక దశలో 18కి పడింది. రాజకీయం వడ్డీ రేటు గుండానే కరెన్సీని చేరుతుందని నేను అనేది అందుకే.

సరిహద్దు:
అలాగైతే 2023 జూన్ తర్వాత జరిగినదాన్ని కూడా ఆ దారిలోనే వివరించండి. ఎన్నికలు అయ్యాక కొత్త గవర్నరును తెచ్చారు, 8.5 శాతంగా ఉన్న రేటు 2024 మార్చికి 50 శాతమైంది. లీరా పడుతూనే ఉంది. ఒకసారి గవర్నర్లను వరుసగా మార్చిన ప్రభుత్వం మళ్లీ మార్చదన్న నమ్మకాన్ని ఏ రేటూ వెంటనే కొనలేదు. 2025 మార్చి 19న ఎర్దోగాన్‌కు ప్రధాన ప్రత్యర్థి అయిన ఇస్తాంబుల్ మేయరు ఇమామోగ్లును అదుపులోకి తీసుకున్న ఉదయమే లీరా మరోసారి కూలింది. ఆ రోజు వడ్డీ రేటును ఎవరూ ముట్టుకోలేదు.

పాతచిట్టా:
మీరిద్దరూ తెర మీద అంకెలు చూసి మాట్లాడుతున్నారు, నేను ఆ అంకెల కింద నలిగినవాణ్ణి. యూరోకు 1.20 ఫ్రాంకుల కన్నా ఫ్రాంకు బలపడనివ్వబోమని స్విస్ నేషనల్ బ్యాంకు 2011 సెప్టెంబరులో గీత గీసింది. 2015 జనవరి 15న, ముందస్తు హెచ్చరిక ఏదీ లేకుండా, ఆ గీతను చెరిపేసింది. కొద్ది రోజుల ముందే ఆ బ్యాంకు ఉపాధ్యక్షుడు ఆ హద్దే తమ విధానానికి మూలమని చెప్పి ఉన్నారు. నేను యూరోలు కొని, 1.20కి కాస్త దిగువన స్టాప్ లాస్ (ధర అక్కడికి పడితే వెంటనే అమ్మేయమన్న ఆదేశం) పెట్టుకున్నాను. ఆ ధరకు కొనేవాడే లేడు. నా బ్రోకరు ఎంతో దిగువన ఖాతా ముగించి, ఉన్న సొమ్ము పోగా ఇంకా బాకీ ఉన్నానని నోటీసు పంపాడు. ఆ బాకీ తీర్చడానికి నేను పడ్డ అవస్థ నాకే తెలుసు. వడ్డీలెక్క గారు గమనించవలసింది ఒకటుంది. ఆ రోజే స్విస్ బ్యాంకు తన రేటును మైనస్ 0.75కు తగ్గించింది. తగ్గించినా ఫ్రాంకు నిమిషాల్లో 30 శాతం దాకా ఎగిరింది.

వడ్డీలెక్క:
మీకు జరిగినదానికి నిజంగా బాధగా ఉంది. అయితే అది అప్పు మీద పందెం కాయనిచ్చిన బ్రోకరుకూ మీకూ మధ్య విషయం. ఒక కేంద్ర బ్యాంకు తన హద్దును ఎత్తేయబోతున్నానని ముందే చెబితే, చెప్పిన క్షణానే ఆ హద్దు కూలిపోతుంది. కనుక రహస్యం అక్కడ తప్పనిసరి.

పాతచిట్టా:
పందెం అన్న మాట వెనక్కి తీసుకోండి. హద్దు ఉంటుందని చెప్పింది నేను కాదు.

సరిహద్దు:
పందెం కాయనివారి సంగతి కూడా చెప్పండి. పోలండులో లక్షలాది కుటుంబాలు వడ్డీ తక్కువని ఫ్రాంకుల్లో ఇంటి అప్పులు తీసుకున్నాయి. జూరిక్‌లో కొద్దిమంది తీసుకున్న నిర్ణయంతో వాళ్ల అప్పు ఒక్క పూటలో పెరిగింది. వాళ్లు ఎవరిని అడగాలి? వాళ్ల ఓటు స్విట్జర్లాండ్‌లో లేదు.

వడ్డీలెక్క:
ఇప్పుడు అసలు రంగు బయటపడింది. కరెన్సీని ఏది కదిలిస్తుందన్న ప్రశ్నతో మీకు పని లేదు. కేంద్ర బ్యాంకుల పగ్గాలు మంత్రుల చేతికి ఇవ్వాలన్నది మీ కోరిక. ఇంతసేపూ టర్కీని తప్పుపడుతూనే ఎర్దోగాన్ తరఫున వకాల్తా పుచ్చుకున్నారు.

సరిహద్దు:
నేను అనని మాటను నాకు అంటగట్టకండి. గవర్నరును అర్ధరాత్రి తీసేసే హక్కు ఎవరికీ ఉండకూడదనే నేనూ అంటాను. మన మధ్య తేడా వేరే చోట ఉంది. వడ్డీ రేటు గురించి మీరు గాలి వాన గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు, దాని వెనుక మనుషులు లేనట్టు, దానివల్ల ఒకరు లాభపడి ఇంకొకరు నష్టపోనట్టు. 1.20 గీత ఉన్నంతకాలం స్విస్ ఎగుమతిదారులు లాభపడ్డారు. అది పోయినప్పుడు దెబ్బ వాళ్లకూ, పోలండు రుణగ్రహీతలకూ తగిలింది. ఎవరు ఎంత మోయాలో తేల్చే నిర్ణయం రాజకీయ నిర్ణయమే, దాన్ని ఎన్నికైనవారు తీసుకున్నా కాకపోయినా.

వడ్డీలెక్క:
దానికి మీ పరిష్కారం? ప్రతి రేటు మార్పుకూ పార్లమెంటులో ఓటింగు పెడితే, ఎన్నికల ముందు ఏ పార్లమెంటు రేటు పెంచుతుంది? 1980 ప్రాంతంలో ఫెడరల్ రిజర్వ్ అధిపతిగా పాల్ వోల్కర్ అమెరికా రేటును 20 శాతం దాకా తీసుకెళ్లి ద్రవ్యోల్బణాన్ని అణచగలిగారు. ఓట్లు అడగవలసిన మనిషి ఆ పని చేయడు.

సరిహద్దు:
రేటు మీద ఓటింగు అడగలేదు. దెబ్బ తగలకుండా కాచుకునే బాధ్యత ప్రభుత్వానిదని అంటున్నాను. హంగేరీ అదే చేసింది. 2014 నవంబరులో అక్కడ విదేశీ కరెన్సీ ఇంటి అప్పులను స్థిరమైన మారకంపై తమ సొంత కరెన్సీ ఫోరింట్లలోకి మార్చాలని నిర్ణయించి చట్టం తెచ్చారు. రెండు నెలలకు ఫ్రాంకు ఎగిరినప్పుడు హంగేరీ కుటుంబాలు తప్పించుకున్నాయి, పోలండువారు తప్పించుకోలేకపోయారు. మీరు అలజడి అని కొట్టిపారేసిన రాజకీయమే అక్కడ గొడుగు పట్టింది.

వడ్డీలెక్క:
ఆ మార్పిడికి బ్యాంకులకు కావలసిన సుమారు 900 కోట్ల యూరోలు హంగేరీ కేంద్ర బ్యాంకు తన విదేశీ మారక నిల్వల నుంచి ఇచ్చింది. అవన్నీ ఒకేసారి మార్కెట్లో కొనవలసి వస్తే ఫోరింటే కూలేది. నిల్వలు ఖాళీ చేసుకున్న దేశానికి అదే చట్టం ఏం మేలు చేసేదో చెప్పండి.

సరిహద్దు:
నిల్వలు కేంద్ర బ్యాంకువే. వాటిని ఇంటి అప్పుల మీద పెట్టాలన్న మాట మాత్రం వడ్డీ రేట్ల పట్టికలో రాసి లేదు. ఆ చట్టం చేసింది పార్లమెంటు.